గొంతు పెగలని రోజు ఆరాధన పాట ఎలా మొదలుపెట్టాలి

అమ్మ పోయాక మూడు నెలలు నేను ఆరాధనలో నోరు విప్పలేదు. పల్లవి ఎత్తుకోగానే గొంతు పట్టేసేది. తిరిగి పాడడం ఎలా మొదలైందో చెప్తాను, మీకూ పనికొస్తుంది.

మొదటి రోజే గొంతెత్తి పాడాలని చూడకండి. కూర్చుని, ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని, బాగా తెలిసిన పాట పల్లవిని నోరు మూసుకునే కూనిరాగం తీయండి. చేతికింద సన్నని అదురు తెలుస్తుంది. శ్రుతి ఎప్పటికన్నా కిందకి దించండి, ఏడుపు గొంతుకి పైస్థాయి అందదు. పల్లవి చివరి అక్షరాన్ని ఊపిరి అయ్యేదాకా సాగదీయండి. ఊపిరి నెమ్మదిగా వదిలితే గుండెదడ కూడా తగ్గుతుంది. మధ్యలో ఏడుపొస్తే ఏడవండి. ఆగిన చోటి నుంచే మళ్లీ అందుకోండి.

ఏ పాట? బలవంతంగా సంతోషం పాటతో మొదలుపెట్టడం నాకు నచ్చదు. బైబిల్లోని 13వ కీర్తన చూడండి. ఆరే వచనాలు. ఇంకా ఎన్నాళ్లని దేవుణ్ణి అడగడంతో మొదలై, పాడతాను అనే మాటతో ముగుస్తుంది. మీరూ ముందు మొర పాట పాడండి, స్తుతి తర్వాత.

నిద్ర పట్టకపోతే పడుకునే పాడుకోవచ్చు. బైబిల్లో క్రీస్తు బోధకులు పౌలు, సీల చెరసాలలో కాళ్లకు బొండ (కాళ్లు బిగించే కొయ్య) వేసి ఉండగా అర్ధరాత్రే పాడారు.

కొన్నాళ్లయ్యాక ఒకరిని పక్కన కూర్చోమనండి. నా పక్కన మా అక్క కూర్చునేది. నేను ఆగిపోయిన చోట తను చరణం అందుకునేది, పల్లవి దగ్గర నేను కలిసేదాన్ని.