పాత చెక్క పికోలో కొనేముందు శ్రుతి చూసుకోవడం ఎలా?

అమెరికాలో మేం వాయించే బ్యాండులోకి ఈమధ్య ఒక అమ్మాయి వందేళ్లనాటి పికోలో (ఫ్లూట్‌లో సగం ఉండే చిన్న వేణువు) తెచ్చుకుంది. రంధ్రాలు మూసే కొత్త ప్యాడ్లు, అద్దంలా మెరిసే వెండి మీటలు. వాయిస్తే పక్కనున్న క్లారినెట్‌తో ఒక్క స్వరమూ కలవలేదు. మొదట్లో నేనూ ఇలాగే డబ్బు పోగొట్టుకున్నాను. ఇంకొకరు పోగొట్టుకుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

కావలసినవి: ఫోనులో ట్యూనర్ యాప్, చిన్న టార్చి.

మొదట చెక్క చూడండి. గ్రెనడిల్లా (నల్లటి గట్టి ఆఫ్రికా చెక్క) అయి ఉండాలి, తల భాగం కూడా చెక్కదే కావాలి. లోహపు తలతో చెక్క నాదం పూర్తిగా రాదు. టార్చి వేసి చూస్తే పగులు పూడ్చిన గీత కనబడుతుంది. అది ఊదే రంధ్రం దాకా పోతే వదిలేయండి. దంతపు తల ఉన్నది అసలు ముట్టుకోకండి, దేశం దాటించడం పెద్ద టెన్షన్. బాగుచేసి అమ్మేవాటిలో ప్యాడ్లు, స్ప్రింగులు సాధారణంగా మార్చే ఉంటారు.

ఇక అసలు సంగతి శ్రుతి. ఎంత బాగుచేసినా ఇది మారదు. 1939లో లండన్ సమావేశం 'ఎ' స్వరానికి (అందరూ శ్రుతి కలుపుకునే స్వరం) 440 హెర్ట్జ్ ఒప్పుకోకముందు, ఎక్కువ శ్రుతి వాయిద్యాలు చాలా తయారయ్యాయి. ఇంగ్లండులో 452, అమెరికాలో 457 దాకా వెళ్లేవి. కొన్నిటిమీద హెచ్.పి. (ఎక్కువ శ్రుతి), ఎల్.పి. (తక్కువ శ్రుతి) అని ముద్ర ఉంటుంది, చాలావాటిమీద ఉండదు. దానికి తోడు పాత బ్యాండుల కోసం చేసిన డి ఫ్లాట్ పికోలోలు. వాటిలో ప్రతి స్వరం మామూలు పికోలో కన్నా ఒక స్వరస్థానం పైన పలుకుతుంది.

పది నిమిషాలు వాయించి చెక్క వేడెక్కనివ్వండి. చల్లగా ఉన్నప్పుడు శ్రుతి దిగి మోసం చేస్తుంది. ట్యూనర్ 440లో పెట్టి, వేళ్లు 'ఎ' స్వరానికి పెట్టి ఊదండి. 'ఎ' చూపి ముల్లు మధ్యలో నిలిస్తే మంచిదే. 'బి ఫ్లాట్' ('ఎ' పై స్వరస్థానం) చూపి మధ్యలో నిలిస్తే అది డి ఫ్లాట్ పికోలో. 'బి ఫ్లాట్' చూపిస్తూ 35 సెంట్లు (స్వరస్థానంలో నూరో వంతు ఒక సెంటు) తగ్గితే జాగ్రత్త! చాలామంది దాన్ని కాస్త దిగిన డి ఫ్లాట్ అనుకుంటారు. నిజానికి అది 457లో చేసిన పికోలో, 65 సెంట్లు ఎక్కింది. నేను మోసపోయింది ఇక్కడే.

"తల కాస్త బయటకు లాగితే సరిపోతుంది" అని అమ్మేవాళ్లు చెబుతారు. సరిపోదు. లాగితే పైవైపు పొడవు పెరుగుతుంది గాని, రంధ్రాల మధ్య దూరాలు మారవు. రంధ్రాలు తెరిచి పలికే స్వరాలు ఎక్కువ దిగుతాయి, అన్నీ మూసి పలికే స్వరం తక్కువ దిగుతుంది. మన వేణువు విద్వాంసులు శ్రుతికొక వేణువు వెంట తీసుకెళ్లేది ఇందుకే. రెండు మిల్లీమీటర్లకు మించి లాగాల్సి వస్తే కొనకండి. ఒక్క 'ఎ'తో ఆపకుండా పన్నెండు స్వరాలూ, రెండు స్థాయిల్లో చూడండి. వీడియో కాల్‌లో విని తేల్చుకోవద్దు, మీ చేత్తోనే వాయించి చూడాలి.

వారంలో తిరిగి తీసుకుంటామని రాసివ్వనివాళ్ల దగ్గర నేను కొనను, మీరూ కొనకండి. కొన్నాక మొదటి రెండు వారాలు రోజుకు పదిహేను నిమిషాలు చాలు. ఆపగానే లోపలి తడి తుడవండి, తుడవకుండా కేసులో పెడితే చెక్క పగలవచ్చు.