ముఖ్యమంత్రి కుర్చీ నుంచి బ్యాంకు కొలువుకు: ఒక నాయకుడి ప్రస్థానాన్ని పరిశీలించే విధానం

రాష్ట్రంలో ఉన్నత పదవి నిర్వహించిన నాయకుడు పెద్ద సంస్థలో చేరాడని తెలిసినప్పుడు, జీతమెంతో ఆరా తీయడానికి ముందు ఆయన పదవి వదిలిన తేదీని, కొత్త కొలువు ప్రకటించిన తేదీని పక్కపక్కన రాసుకోవాలి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌కు 2014 నుంచి ప్రీమియర్‌గా, అంటే మన ముఖ్యమంత్రి హోదాలో, పనిచేసిన మైక్ బెయర్డ్ 2017 జనవరి 23న తప్పుకున్నారు. రెండు నెలలు తిరగకముందే నేషనల్ ఆస్ట్రేలియా బ్యాంకు ఆయనను కార్పొరేట్ ఖాతాదారుల విభాగానికి అధిపతిగా ప్రకటించింది.

వ్యవధి తక్కువైనంత మాత్రాన తప్పు జరిగిందని తేల్చకూడదు. 2007లో శాసనసభకు ఎన్నికవడానికి ముందు ఆయన డాయిష్ బ్యాంకులో, హెచ్‌ఎస్‌బీసీలో పనిచేశారు కనుక, ఇది పాత వృత్తికి తిరిగి వెళ్లడం కూడా.

అసలు శ్రమ పెట్టవలసింది పదవిలోని చివరి రెండేళ్ల మీద. బెయర్డ్ విద్యుత్ సరఫరా వ్యవస్థను 99 ఏళ్ల లీజుకు ఇస్తామని చెప్పి 2015 ఎన్నికల్లో గెలిచారు. ఆ ఏడాదే ఆ వ్యవస్థలో భాగమైన ట్రాన్స్‌గ్రిడ్ సంస్థ వెయ్యి కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు పైబడి లీజుకు వెళ్లింది. ఇంత పెద్ద ఒప్పందాల్లో రుణదాతలుగానో సలహాదారులుగానో బ్యాంకులు ఉంటాయి కాబట్టి, నాయకుడు చేరిన సంస్థ పేరు ఆ పత్రాల్లో ఎక్కడైనా ఉందేమో వెతకాలి. ఆ తరువాత స్థానిక నియమం చూడాలి: అక్కడ మాజీ మంత్రి, తన శాఖకు సంబంధించిన ఉద్యోగమైతే, పదవి వదిలిన 18 నెలల వరకు పార్లమెంటరీ నైతిక సలహాదారు అభిప్రాయం తీసుకోవాలి. అది సలహా మాత్రమే, నిషేధం కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

కొలువు స్వభావం కూడా ముఖ్యమే. ఆస్ట్రేలియాలోనే మరో రాష్ట్రమైన క్వీన్స్‌లాండ్‌కు ప్రీమియర్‌గా పనిచేసి 2012లో ఓడిపోయిన ఆనా బ్లై, అయిదేళ్ల తరువాత ఆస్ట్రేలియా బ్యాంకుల సంఘానికి ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యారు. వ్యవధి ఎక్కువే, కానీ ప్రభుత్వంతో బ్యాంకుల తరఫున మాట్లాడడమే ఆ సంఘం పని గనుక, నా దృష్టిలో బెయర్డ్ కొలువుకన్నా ఎక్కువ నిశితంగా గమనించవలసింది ఇదే.

మొదటి ఉద్యోగంతో పరిశీలన ఆపవద్దు. బెయర్డ్ 2020లో బ్యాంకు వదిలి, వృద్ధుల సంరక్షణ చూసే హామండ్‌కేర్ అనే లాభాపేక్ష లేని సంస్థకు అధిపతిగా వెళ్లారు.