నియంత మీద బయటి దేశాల ఒత్తిడి పనిచేస్తోందో లేదో వార్తల్లో ఎలా పట్టుకోవాలి

ఏదో దేశంలో అంతర్యుద్ధం నడుస్తోంది, అక్కడి నియంత కుర్చీ దిగట్లేదు అన్న వార్త వచ్చినప్పుడల్లా మనకి కనిపించేవి అవే మాటలు, ఖండించారు, ఆందోళన వ్యక్తం చేశారు, ఆంక్షలు పెట్టారు. అవి చదివి మనవాళ్ళలో సగంమంది అమెరికా తల్చుకుంటే రేపే దింపేస్తుంది అంటారు, మిగతా సగం ఈ యూఎన్ వల్ల అయ్యేదేం లేదు అంటారు. రెండూ తప్పే అని నా గట్టి నమ్మకం. అసలు పని జరిగేది ఈ రెండు మాటలకీ మధ్యలో, అది కనిపించాలంటే ఎక్కడ చూడాలో తెలియాలి. నేను చూసే పద్ధతి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు చేయాల్సింది ఏంటంటే, ఇప్పుడు నడుస్తున్న యుద్ధంతో మొదలుపెట్టకండి. పూర్తయిపోయిన కథ ఒకటి తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదవండి. నేను తీసుకున్నది లైబీరియా. పశ్చిమ ఆఫ్రికాలో చిన్న దేశం, చార్లెస్ టేలర్ అనే ఆయన 1989 డిసెంబర్ 24న ఐవరీ కోస్ట్ వైపు నుంచి కొద్దిమందితో లోపలికొచ్చి యుద్ధం మొదలుపెట్టాడు, 1997లో ఎన్నికలు పెడితే 75 శాతం దాకా ఓట్లతో ప్రెసిడెంట్ అయ్యాడు, ఎందుకంటే ఓడిపోతే మళ్ళీ తుపాకీ పడతాడని జనానికి భయం. మా అమ్మని చంపాడు, మా నాన్నని చంపాడు, అయినా ఓటు ఆయనకే వేస్తాం అని అప్పట్లో అక్కడి వీధుల్లో పాడుకున్నారు. ఆ ఒక్క మాట చాలు ఆ దేశం ఏ స్థితిలో ఉండేదో అర్థం కావడానికి. 1999లో రెండో యుద్ధం మొదలైంది, 2003 ఆగస్టులో ఆయన దిగిపోయాడు. రెండు యుద్ధాల్లో పోయినవాళ్ళు సుమారు 2,50,000 మంది అని అంచనా.

ఇప్పుడు నోట్‌బుక్ తీసి మొదటి పేజీలో డబ్బు అని రాయండి. ఖండనలు తర్వాత చూసుకోవచ్చు, నియంతకి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ఆ దారిని ఎవరైనా మూశారా, మూస్తే ఎప్పుడు, ఇదే అన్నిటికంటే ముందు ప్రశ్న. టేలర్ విషయంలో మొదట వజ్రాలు. పక్కనున్న సియెరా లియోన్‌లో తిరుగుబాటుదార్లకి ఆయుధాలిచ్చి వజ్రాలు తెచ్చుకునేవాడు, దాని మీద భద్రతా మండలి 2001 మార్చిలో తీర్మానం 1343 చేసింది, మే నుంచి లైబీరియా వజ్రాలు ఎవరూ కొనకూడదు, పెద్ద అధికార్లు దేశం దాటి తిరగకూడదు. మరి 2001లో ఆంక్షలు పెడితే 2003 దాకా ఎలా నెట్టుకొచ్చాడు? అడవులున్నాయి కదా. వజ్రాల దారి మూస్తే దుంగల దారి తెరుచుకుంది, లారీలకి లారీలు కలప పోర్టులకి పోయింది, ఆ డబ్బుతో మళ్ళీ తుపాకులు. కలప మీద నిషేధం తీర్మానం 1478తో 2003 మేలో వచ్చింది, అమల్లోకి వచ్చింది జూలై 7న. ఆయన దిగింది ఆగస్టు 11న. దుంగలు ఆగగానే దిగిపోయాడని నేను అనను, కానీ వజ్రాలతో పాటే కలప కూడా 2001లోనే ఆపి ఉంటే ఆ రెండేళ్ళు ఎన్ని ప్రాణాలు మిగిలేవో అని ఆ తేదీలు పక్కపక్కన రాసుకున్నప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది.

ఇంకో దారి కూడా ఉంది, అది మనం కళ్ళారా చూసిందే. మాది వైజాగ్, మా నాన్న పోర్టులో పనిచేసేవారు, చిన్నప్పుడు బెర్త్ దగ్గరికి తీసుకెళ్తే పెద్ద ఓడ వెనకభాగంలో తెల్లరంగుతో ఓడ పేరు, దాని కింద లైబీరియా రాజధాని మన్రోవియా పేరు రాసి ఉండేది, తుప్పు కారి ఆ అక్షరాల మీద ఎర్రటి చారలు. మన్రోవియా నుంచి వచ్చిందా అని అడిగితే కాదురా, ఈ ఓడ ఆ ఊరు ఎప్పుడూ చూసుండదు, రిజిస్ట్రేషన్ అక్కడ అంతే అన్నారు. అసలు విషయం చాలా ఏళ్ళకి తెలిసింది. ఓడల యజమానులు ఫీజు కట్టి లైబీరియా జెండా ఎగరేసుకుంటారు, ఆ రిజిస్ట్రీని నడిపింది అమెరికాలో ఉన్న ఆఫీసు, ఆ ఫీజు డబ్బులో కొంత ఆయుధాల బేరాలకి పోయిందని యూఎన్ నిపుణుల బృందం 2001లో రిపోర్ట్ ఇచ్చింది. అంటే మన రేవులో బొగ్గు దించిన ఓడ కట్టిన ఫీజులోంచి కూడా ఎంతో కొంత అటు పోయి ఉండొచ్చు. అందుకే డబ్బు పేజీ రాసేటప్పుడు గనులూ నూనె మాత్రమే కాదు, ఫీజులు, లైసెన్సులు, బ్యాంకులు కూడా వెతకండి, ఆ యూఎన్ రిపోర్టులు ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉంటాయి, పేపర్లో వచ్చే రెండు లైన్ల కన్నా వెయ్యి రెట్లు నయం.

రెండో పేజీ ఇరుగుపొరుగు. దూరంగా ఉన్న పెద్ద దేశం ఏమంది అన్నదానికన్నా సరిహద్దు పంచుకున్న దేశం ఏం చేస్తోంది అన్నది ముఖ్యం. టేలర్ మీద యుద్ధం చేసిన లర్డ్ అనే దళానికి గినీ దన్ను, మోడల్ అనే దళానికి ఐవరీ కోస్ట్ దన్ను. వీళ్ళేం ధర్మాత్ములు కాదు, టేలర్ మా ఇళ్ళు కాల్చాడు కాబట్టి మేమూ కాలుస్తాం అనే రకం, మన్రోవియా మీద షెల్స్ వేసి జనాన్ని చంపింది ఈ తిరుగుబాటుదార్లు కూడా. నియంతకి ఎదురు నిలబడ్డాడు కాబట్టి మంచోడు అని ఎవరినీ రాసుకోకండి, ఈ తప్పు నేను చాలాకాలం చేశాను.

మూడోది, అందరూ వదిలేసేది, బయట నిలబడి ఉన్న మామూలు జనం. 2003 ఏప్రిల్ నుంచి మన్రోవియాలో చేపల మార్కెట్ పక్క మైదానంలో తెల్ల టీషర్టులు వేసుకున్న ఆడవాళ్ళు రోజూ వచ్చి కూర్చునేవాళ్ళు, ఎండైనా వానైనా, క్రిస్టియన్లు ముస్లింలు కలిసి, టేలర్ కాన్వాయ్ ఆ రోడ్డు మీద నుంచే పోయేది. లేమా బోవీ అనే ఆవిడ ముందుండి నడిపించింది. ఏప్రిల్ 23న టేలర్ వాళ్ళని పిలిచి మాట్లాడక తప్పలేదు. తర్వాత ఘనాలో శాంతి చర్చలు మొదలైతే వీళ్ళలో కొందరు అక్కడికీ వెళ్ళారు. చర్చలకొచ్చిన నాయకులు హోటల్ గదుల్లో ఉండి నాకే మంత్రి పదవి అంటూ వారాలు గడిపేస్తున్నారు, ఇటు మన్రోవియాలో జూలైలో అమెరికా ఎంబసీ కాంపౌండ్‌లో తలదాచుకున్న జనం మీదే షెల్స్ పడ్డాయి, జనం శవాలు తెచ్చి ఎంబసీ గేటు ముందు వరసగా పెట్టారు. ఆ కబురు వినగానే ఈ ఆడవాళ్ళు చర్చలు జరిగే హాలు గుమ్మం ముందు చేతులు చేతులు పెనవేసుకుని కూర్చున్నారు, సంతకం అయ్యేదాకా లోపలివాడు బయటికి రాకూడదు అని. సెక్యూరిటీ వచ్చి అరెస్ట్ చేస్తాం అంటే బోవీ లేచి బట్టలు విప్పడం మొదలుపెట్టింది. తల్లి వయసు ఆడది అలా తనంతట తాను బట్టలు విప్పితే అది చూసినవాడికి శాపం తగులుతుందని అక్కడ నమ్మకం, గార్డులు వెనక్కి తగ్గారు. మధ్యవర్తిగా ఉన్న నైజీరియా మాజీ పాలకుడు అబ్దుల్సలామి అబూబకర్ వచ్చి వాళ్ళతో మాట్లాడి మాటిచ్చాక గానీ లేవలేదు. ఆ రోజు తర్వాత చర్చలు నిజంగా కదిలాయని ఆవిడ చెప్తుంది, నాకూ అదే నిజమనిపిస్తుంది, ఎందుకంటే అప్పటిదాకా ఆ హాల్లో ఉన్న ఏ ఒక్కడికీ తొందర లేదు.

నాలుగో పేజీ, పారిపోయే దారి. ఇది కష్టమైన పేజీ. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుంది అంటారు కదా, నియంత విషయంలో ఈ సామెత మధ్యవర్తులందరికీ తెలుసు. 2003 జూన్ 4న టేలర్ ఘనాలో చర్చల ప్రారంభానికి వెళ్ళిన రోజే సియెరా లియోన్ యుద్ధ నేరాల్ని విచారించే ప్రత్యేక కోర్టు ఆయన మీద అప్పటిదాకా సీల్ చేసి ఉంచిన అభియోగాలు బయటపెట్టింది. ఘనా అరెస్ట్ చెయ్యలేదు, విమానం ఇచ్చి ఇంటికి పంపింది. చర్చలు చెడగొట్టారని చాలామంది కోర్టుని తిట్టారు. నా లెక్కలో మాత్రం అది టేలర్‌ని సగం దింపేసింది, ఆ రోజు నుంచి ఆయన దేశాధినేత కాదు, కోర్టు వెతుకుతున్న మనిషి, అది ఆయన చుట్టూ ఉన్నవాళ్ళకీ అర్థమైంది. తర్వాత నైజీరియా ప్రెసిడెంట్ ఒబసాంజో ఆశ్రయం ఇస్తా రమ్మన్నాడు. ఒకపక్క కోర్టు, ఇంకోపక్క ఆశ్రయం, న్యాయం కోరేవాళ్ళకి ఇది మింగుడు పడదు, నాకూ పడలేదు, కానీ ఊళ్ళో షెల్స్ కింద ఉన్న మనిషిని అడిగితే ముందు వాణ్ణి పంపించండి అనే అంటాడు.

ఇవన్నీ రాశాక తేదీలన్నీ ఒకే వరసలో పెట్టండి. జూన్ 17 కాల్పుల విరమణ సంతకం, అది కొద్దిరోజులకే చిరిగిపోయింది. జూన్ 26న అమెరికా ప్రెసిడెంట్ బుష్ టేలర్ దిగిపోవాలి అన్నాడు. జూలై అంతా మన్రోవియాలో నరకం. ఆ తర్వాత అమెరికా ఓడలు 2,300 మంది మెరైన్లతో వచ్చి తీరం దగ్గర నిలబడ్డాయి, ఒడ్డుకి దిగింది కొద్దిమందే. ఆగస్టు 4న శాంతి కాపాడడానికి నైజీరియా సైనికులు ఎయిర్‌పోర్ట్‌లో దిగారు, ఆగస్టు 11న టేలర్ అధికారం వైస్ ప్రెసిడెంట్ మోజెస్ బ్లాకి అప్పగించి నైజీరియాకి విమానం ఎక్కాడు, దక్షిణాఫ్రికా, ఘనా, మొజాంబిక్ అధ్యక్షులు పక్కనుండి సాగనంపారు. ఆగస్టు 18న శాంతి ఒప్పందం. ఇలా వరసగా చూస్తే, ఏ ఒక్కటీ ఒంటరిగా పని చెయ్యలేదని, అన్నీ ఒక రెండు నెలల్లో ఒకేసారి పడ్డాయి కాబట్టి కదిలాడని మీకే కనిపిస్తుంది. జూన్ 17కీ ఆగస్టు 4కీ మధ్య జనాన్ని కాపాడే సైన్యాన్ని ఎవరూ దించని ఆ ఏడు వారాల దగ్గర ఎర్ర పెన్నుతో గీత పెట్టండి.

ఆయన విమానం ఎక్కగానే నోట్‌బుక్ మూసేయకండి. 2005లో ఎన్నికలు, ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ గెలిచారు, 2006 మార్చిలో టేలర్‌ని అప్పగించమని ఆవిడ అడిగితే నైజీరియా ఒప్పుకుంది, టేలర్ పారిపోతూ కామెరూన్ బోర్డర్ దగ్గర దొరికాడు, 2012లో 50 ఏళ్ళ శిక్ష పడింది, ఇప్పుడు బ్రిటన్ జైల్లో ఉన్నాడు. అయితే ఆ శిక్ష సియెరా లియోన్‌లో చేసిన నేరాలకి, సొంత దేశంలో చేసినవాటికి ఆయన ఇప్పటిదాకా ఏ కోర్టు ముందూ నిలబడలేదు. ఆ మధ్యలో శాంతి నిలబెట్టడానికి యూఎన్ 15,000 మంది దాకా సైనికుల్ని అనుమతించింది, 2007లో మన సీఆర్‌పీఎఫ్ నుంచి వెళ్ళిన ఆడ పోలీసుల దళం కూడా మన్రోవియాలో పనిచేసింది, యూఎన్ చరిత్రలో పూర్తిగా ఆడవాళ్ళే ఉన్న మొదటి పోలీసు దళం అది.

ఇప్పుడు ఇదే పద్ధతి మయన్మార్ మీద పెట్టి చూడండి, అది మనకి పరాయి దేశం కాదు, బర్మా నుంచి నడుచుకుంటూ వచ్చిన కుటుంబాలు మన కోస్తా ఊళ్ళల్లో ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు, వైజాగ్‌లో బర్మా క్యాంప్ అని పేటే ఉంది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుంది, ఏప్రిల్‌లో ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ ఐదు అంశాలతో ఒక ఒప్పందం చేసింది, సైన్యం పట్టించుకోలేదు. మొదటి పేజీలో గ్యాస్ అమ్మకాలు, విమానాల ఇంధనం రాయండి, ఎందుకంటే ఊళ్ళ మీద బాంబులు వేసేది ఆ విమానాలే. ప్రభుత్వ గ్యాస్ కంపెనీ మీద యూరప్ 2022లో ఆంక్షలు పెట్టింది, మిగతావాళ్ళు ఎంతవరకు వచ్చారో వెతకండి. ఇరుగుపొరుగు పేజీలో చైనా, థాయ్‌లాండ్‌తో పాటు మన పేరు కూడా రాయాలి, మనకీ వాళ్ళకీ 1,643 కిలోమీటర్ల బోర్డర్ ఉంది. 2022 డిసెంబర్‌లో భద్రతా మండలి హింస ఆపమని తీర్మానం చేస్తే 12 దేశాలు అవునన్నాయి, చైనా, రష్యా, ఇండియా ఎటూ ఓటు వెయ్యకుండా తటస్థంగా ఉండిపోయాయి. మన కారణాలు మనకుండొచ్చు, బోర్డర్ గొడవలు నిజం, కానీ ఆ కారణాలు ఏంటో అడిగే హక్కు మనకుంది. లోక్‌సభ వెబ్‌సైట్‌లో విదేశాంగ శాఖకి ఎంపీలు వేసిన ప్రశ్నలూ జవాబులూ ఉంటాయి, మయన్మార్ అని కొట్టి వెతకండి. మీ ఎంపీ పేరు అందులో లేకపోతే ఒక లెటర్ రాయండి, పొడుగు అక్కర్లేదు, ఒక్కటే ప్రశ్న చాలు: ఆ సైన్యానికి విమాన ఇంధనం గానీ ఆయుధాల విడిభాగాలు గానీ మన దేశం నుంచి వెళ్తున్నాయా, లేదా?