అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు: దేశంలో ఉన్న రోజులు, లేని రోజులు లెక్క చూసుకునే పద్ధతి

గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు నిండితే చాలు, పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. చట్టం మాత్రం రెండు వేర్వేరు లెక్కలు అడుగుతుంది. ఆ ఐదేళ్లూ మీ నివాసం తెగకుండా అమెరికాలోనే కొనసాగి ఉండాలి. అందులో కనీసం 30 నెలలు, అంటే 913 రోజులు, మీరు స్వయంగా అక్కడ గడిపి ఉండాలి. అమెరికా పౌరులను వివాహమాడి మూడేళ్లుగా వారితో కలిసి ఉంటున్నవారికి ఈ గడువులు మూడేళ్లు, 18 నెలలు.

ఒక లెక్క కుదిరినంత మాత్రాన రెండోది కుదిరినట్టు కాదు. పిల్లల దగ్గరికి గ్రీన్ కార్డుపై వచ్చిన తల్లిదండ్రులు ఏటా రెండుసార్లు ఐదేసి నెలలు ఊళ్లో ఉండి వస్తే, ఏ ప్రయాణమూ ఆరు నెలలు దాటకపోయినా 913 రోజులు ఎప్పటికీ పూర్తి కావు.

లెక్కకు ముందు పాస్‌పోర్టులోని ముద్రలు, పాత విమాన టికెట్లు దగ్గర పెట్టుకుని ప్రతి ప్రయాణాన్నీ తేదీలతో రాసుకోండి. బయలుదేరిన రోజు, తిరిగి దిగిన రోజు రెండూ అమెరికాలో ఉన్నట్టే లెక్క. జనవరి 10న వెళ్లి 20న వస్తే లేని రోజులు తొమ్మిదే.

ఒకే ప్రయాణం ఆరు నెలలు దాటి ఏడాదిలోపు ఉంటే నివాసం తెగిందనే అధికారులు భావిస్తారు. అది తెగలేదని నిరూపించే బాధ్యత మీదే. ఇల్లు, ఉద్యోగం అక్కడే ఉన్నాయనీ, కుటుంబం అక్కడే ఉందనీ, పన్నులు కడుతున్నారనీ చూపే కాగితాలు అప్పుడు అక్కరకు వస్తాయి. ఏడాది లేదా అంతకు మించి బయట ఉంటే, ముందే ప్రత్యేక అనుమతి పొందిన కొన్ని ఉద్యోగాలవారికి తప్ప, నివాసం తెగినట్టే. ఐదేళ్ల లెక్కలో ఉన్నవారికి తిరిగి వచ్చిన నాలుగేళ్ల ఒక రోజు తర్వాత దరఖాస్తుకు వీలుంటుంది గానీ, వెనక్కి లెక్కించే ఐదేళ్లలో ఏడాదికి కాస్త తక్కువగా ఆ పాత గైర్హాజరీ ఇంకా మిగిలి ఉంటుంది కనుక దానికి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. నాలుగేళ్ల ఆరు నెలలు ఆగితే ఆ చిక్కు ఉండదు కనుక, తొందర లేనివారు ఆగడమే మేలని నా అభిప్రాయం.

రీ-ఎంట్రీ పర్మిట్ ఉంది కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఏడాది దాటాక కూడా దేశంలోకి తిరిగి రావడానికి అది ఉపయోగపడుతుంది, కానీ పౌరసత్వం కోసం చూసే నివాసాన్ని కాపాడదు. ఈ తేడా తెలియక ఏళ్లు కోల్పోయేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

ఐదేళ్లు నిండడానికి 90 రోజుల ముందు నుంచే పౌరసత్వ దరఖాస్తు అయిన ఎన్-400 ఫారం పంపవచ్చు. అయితే 913 రోజులు మాత్రం పంపే నాటికే పూర్తయి ఉండాలి. ప్రస్తుత రాష్ట్రంలో మూడు నెలలుగా నివసిస్తూ ఉండాలి. ఫారం పంపినంత మాత్రాన నివాస నియమం తీరిపోదు. ప్రమాణ స్వీకారం దాకా అది వర్తిస్తుంది కనుక, ఇండియాకు వెళ్లక తప్పకపోతే ఆరు నెలలు దాటకుండా తిరుగు టికెట్ తీసుకోండి.