నోటి క్యాన్సర్ వైద్యం తర్వాత ఇంట్లో ఎదురయ్యే ఇబ్బందులు: ఎందుకు వస్తాయి, ఏం చెయ్యాలి

ఆపరేషన్ అయింది, కరెంటు పెట్టడమూ (రేడియేషన్) పూర్తయింది, రిపోర్టులు బాగున్నాయి. అయినా మనిషి సరిగ్గా తినలేడు, మాట స్పష్టంగా రాదు, నలుగురిలోకి రాడు. "ప్రాణం దక్కింది, ఇక ఇవన్నీ డాక్టరుకి ఏం చెబుతాం" అని ఊరుకునేవాళ్లే ఎక్కువ. చెప్పాలి. వీటిలో చాలావాటికి చేయగలిగింది ఉంది. కొన్నింటికి ఆలస్యమైతే చేయగలిగింది తగ్గిపోతుంది కాబట్టి అలాంటిదానితోనే మొదలుపెడతాను.

నోరు తెరుచుకోవడం లేదు

మీ మూడు వేళ్లు నిలువుగా పైపళ్లకీ కిందిపళ్లకీ మధ్య పడుతున్నాయా? రెండే పడితే దవడ బిగుస్తోందని అర్థం. 35 మిల్లీమీటర్ల కన్నా తక్కువ తెరుచుకుంటే డాక్టర్లు దీన్ని సమస్యగా లెక్కిస్తారు. నమిలే కండరాలు ఆపరేషన్ వల్ల, ఆపైన రేడియేషన్ వల్ల గట్టిపడతాయి. ఏళ్ల తరబడి గుట్కా, వక్కపొడి నమిలినవాళ్లకి బుగ్గలు అంతకుముందే బిగుసుకుని ఉండొచ్చు. ఈ బిగుతు రేడియేషన్ అయిపోయాక కూడా నెలల తరబడి పెరుగుతుంది. మొదట్లో బాగానే ఉందని వ్యాయామం మానేస్తే తర్వాత నోట్లోకి చెంచా దూరడమే కష్టమవుతుంది.

గాయం మాని, సర్జన్ సరే అన్న రోజు నుంచే మొదలుపెట్టండి. తెరవగలిగినంత తెరిచి కొన్ని సెకన్లు ఆపడం, దవడని కుడికీ ఎడమకీ కదపడం, ఇలా రోజుకి నాలుగైదు విడతలు. తర్వాత శుభ్రమైన ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతరగా పేర్చి, పట్టినన్ని పళ్ల మధ్య కాసేపు ఉంచాలి. కొన్నాళ్లకొకటి చొప్పున పెంచాలి. పళ్లు వదులుగా ఉంటే పుల్లల జోలికి వెళ్లేముందు డాక్టర్ని అడగండి. లాగినట్టు అనిపించాలి గానీ కన్నీళ్లొచ్చేంత నొప్పి రాకూడదు. ఎన్ని పట్టాయో వారానికోసారి క్యాలెండర్ మీద రాసుకోండి. ఏడాది పైనే పట్టు వదలకూడదు. నోరు తెరుచుకుంటేనే బ్రష్ లోపలికి వెళ్తుంది, ముద్ద పడుతుంది, చెకప్‌లో డాక్టరు లోపల చూడగలుగుతారు.

నోరంతా పూత, మంట

ఇది రేడియేషన్ పెట్టే రెండో మూడో వారంలో మొదలై, ఆ సిట్టింగులు అయ్యాక చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. నోటి లోపలి పొర రాలినంత వేగంగా కొత్తది పుట్టకపోవడమే కారణం. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకి ఆరేడుసార్లు పుక్కిలించి ఉమ్మాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వాడొద్దు. నొప్పి మాత్ర తిండికి అరగంట ముందు వేసుకోవచ్చేమో అడగండి. డాక్టరు మార్ఫిన్ (బలమైన నొప్పి మందు) రాస్తే ఇంట్లో వాళ్లు టెన్షన్ పడతారు. కానీ నొప్పికి తిండి మానేసి సిట్టింగులు మధ్యలో ఆపేసుకోవడం అంతకన్నా ప్రమాదం. తెల్లటి పూత కనిపిస్తే ఫంగస్ కావొచ్చు, దానికి వేరే మందు ఉంది.

కడుపు నిండుతోంది, బరువు తగ్గుతోంది

గంజి, కొబ్బరినీళ్లు, జ్యూసులతో కడుపు నిండుతుంది, ఒంటికి పట్టదు. రాగిజావ పాలతో కాచి నెయ్యి వెయ్యండి. పప్పన్నం, పెరుగన్నం, ఉడికించిన గుడ్డు మిక్సీలో మెత్తగా తిప్పండి. కారం, చింతపండు కొన్నాళ్లు దూరం. రోజుకి ఆరుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. అయినా బరువు పడిపోతుంటే ముక్కులోంచి కడుపులోకి తిండి పంపే ట్యూబు వేయించుకోవడానికి వెనకాడొద్దు. చాలామందికి అది తాత్కాలికమే. ట్యూబులో పోసేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉండాలి, పోశాక ట్యూబులో నీళ్లు పోసి కడగాలి.

తాగితే పొలమారుతోంది

నాలుక, గొంతు కండరాలు సమయానికి కదలకపోతే నీళ్లు ఊపిరితిత్తుల వైపు వెళ్తాయి. చాలామందికి పల్చటి నీళ్లే కష్టం, చిక్కటి జావ సులువు. నిటారుగా కూర్చుని చిన్న గుక్కలు వెయ్యాలి, తిన్నాక అరగంట పడుకోకూడదు. గడ్డం కిందికి వంచి మింగడం కొందరికి పనికొస్తుంది. ఎవరికి ఏది నప్పుతుందో మింగుడు పరీక్షించే స్పీచ్ థెరపిస్టు చెప్పాలి. తిన్నాక గొంతు గురగురమంటూ జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

నోరు ఎండుతోంది, పళ్లు పుచ్చుతున్నాయి

లాలాజల గ్రంథుల మీద రేడియేషన్ పడితే ఉమ్మి తగ్గుతుంది. పళ్లను కాపాడేది ఉమ్మే కాబట్టి పుచ్చు వేగంగా వస్తుంది. నీళ్ల సీసా వెంట ఉంచుకోండి. మెత్తటి బ్రష్, డెంటిస్టు చెప్పిన ఫ్లోరైడ్ రోజూ వాడండి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతున్నాను: రేడియేషన్ తర్వాత, ఎన్నేళ్లయినా సరే, క్యాన్సర్ డాక్టర్ని అడగకుండా పన్ను పీకించుకోవద్దు. దవడ ఎముకకు రక్తసరఫరా తగ్గి ఉంటుంది, గాయం మానక ఎముక చచ్చిపోయే ప్రమాదం ఉంది. పాడైన పళ్లు తీయాల్సి వస్తే రేడియేషన్‌కి ముందే తీయించుకోవడం మేలు.

నీళ్లు ముక్కులోంచి వస్తున్నాయి

అంగిలి తీసేసినప్పుడు నోటికీ ముక్కుకీ మధ్య దారి పడుతుంది, మాట ముక్కుతో వస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్లలో చుట్ట నిప్పు వైపు నోటి లోపల ఉండటం వల్ల అంగిలి క్యాన్సర్ కనిపిస్తుంది. వాళ్లలో ఎంతమందికి ఈ కంతను మూసే ప్లేటు ఉంటుందని తెలుసు? కృత్రిమ దంతాలు చేసే డెంటిస్టు కొలత తీసి తయారుచేస్తారు. పెట్టుకుంటే తిండీ మాటా బాగా మెరుగుపడతాయి.

భుజం ఎత్తలేకపోవడం

మెడ గడ్డలు తీసేటప్పుడు భుజానికి వెళ్లే నరం దెబ్బతినొచ్చు. ఫిజియోథెరపీ త్వరగా మొదలుపెట్టాలి.

విడవని నీరసం, మనుషుల్ని తప్పించుకోవడం

మెడకు రేడియేషన్ తీసుకున్నవాళ్లకి థైరాయిడ్ మందగించొచ్చు. ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించండి. అది సరిగా ఉన్నా మనసు బాగోకపోతే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చెయ్యొచ్చు. పొగాకు మళ్లీ లాగుతుంటే, మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 1800-11-2356 ఉంది. ఇంట్లోవాళ్లకి ఒక విన్నపం: వైద్యం చేయించుకున్న మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగండి, మీరే పూరించేయకండి. భోజనానికి కూడా అందరితోనే కూర్చోబెట్టండి.

రెండు వారాలైనా మానని పుండు, మెడలో కొత్త గడ్డ, రక్తం, ఉన్నట్టుండి నోరు ఇంకా మూసుకుపోవడం కనిపిస్తే చెకప్ తేదీ దాకా ఆగకుండా చూపించండి.