బిట్‌కాయిన్ రూల్ మారుస్తున్నారంటే ముందు ఏం చూడాలి?

మొన్న మా బావ వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపాడు. "2.1 కోట్ల కాయిన్ల పరిమితి ఎత్తేస్తున్నారట, నిజమేనా?" ఎత్తేసేది ఎవరు బావా అన్నాను. ఆయన దగ్గర జవాబు లేదు. ఇలాంటివి వచ్చినప్పుడు నేను చూసుకునే వరస చెప్తాను.

ముందు బీఐపీ నంబరు అడగండి. బిట్‌కాయిన్‌లో మార్పు కోరుతూ రాసే ప్రతిపాదనని అలా అంటారు, ఎవరైనా రాయొచ్చు. నంబరు పడటమంటే ఆఫీసులో అర్జీ మీద ముద్ర పడినట్టే, మంజూరైనట్టు కాదు. అసలు నంబరే లేదంటే ఇక వెతకక్కర్లేదు.

నంబరుంటే, అది రూల్‌ని బిగిస్తోందా, వదులు చేస్తోందా చూడండి. బిగిస్తే సాఫ్ట్ ఫోర్క్, పాత సాఫ్ట్‌వేర్ కూడా కొత్త బ్లాకుల్ని, అంటే లావాదేవీల కట్టల్ని, ఒప్పుకుంటుంది. వదులు చేస్తే హార్డ్ ఫోర్క్. పాత సాఫ్ట్‌వేర్‌కి ఆ బ్లాకులు చెల్లవు, అందరూ మారకపోతే చెయిన్, అంటే ఆ బ్లాకుల వరస, రెండుగా చీలుతుంది. బావ అడిగిన పరిమితి ఈ రెండో రకం.

తర్వాత మైనర్ల సిగ్నల్, అంటే కొత్త బ్లాకులు తయారుచేసేవాళ్ళు మార్పుకి సరేనంటూ తమ బ్లాకుల్లో పెట్టే గుర్తు. 2016 బ్లాకులు ఒక విడత, సుమారు రెండు వారాలు. ట్యాప్‌రూట్ అనే సాఫ్ట్ ఫోర్క్‌కి ఒక విడతలో 1815 బ్లాకులు, అంటే 90 శాతం, సరేననాలని పెట్టారు. 2021 జూన్‌లో అంత మద్దతు వచ్చింది, నవంబరులో 709632వ బ్లాకు దగ్గర అమలైంది. ఇదే ఓటింగ్ అని నేనూ చాన్నాళ్ళు అనుకున్నాను. 2017 గొడవ చదివాకే ఆ భ్రమ పోయింది.

ఆ మే నెలలో యాభైకి పైగా కంపెనీలు న్యూయార్క్ ఒప్పందం చేసుకున్నాయి: ముందు సెగ్‌విట్ (లావాదేవీల సంతకాల్ని విడిగా పెట్టే సాఫ్ట్ ఫోర్క్), తర్వాత బ్లాకు సైజు పెంపు. మైనింగ్ శక్తిలో 80 శాతం దాటి వాళ్ళ వైపే. ఇంకోపక్క కొందరు మామూలు నోడ్‌లవాళ్ళు, అంటే సొంత మెషిన్లో బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ నడుపుతూ బ్లాకులు రూల్ ప్రకారం ఉన్నాయో లేదో చూసుకునేవాళ్ళు, బీఐపీ 148 పెట్టుకుని, ఆగస్టు 1 నుంచి సెగ్‌విట్‌కి సిగ్నల్ ఇవ్వని బ్లాకుల్ని మా మెషిన్లు తీసుకోవని భీష్మించారు. సెగ్‌విట్ ఆగస్టు 24న అమలైంది. సైజు పెంపుని మాత్రం, చాలినంత ఏకాభిప్రాయం లేదంటూ, తలపెట్టినవాళ్ళే నవంబరు 8న మానుకున్నారు. పెద్ద బ్లాకులే కావాలన్న వర్గం ఒకటి అప్పటికే బిట్‌కాయిన్ క్యాష్ పేరుతో వేరు కాపురం పెట్టేసింది.

మైనర్ల మద్దతు ఒక్కటే చాలదన్నమాట. కాబట్టి చివరగా, మీ నోడ్ ఏ వెర్షన్‌లో ఉందో చూసుకోండి. ఎక్కువమంది నోడ్‌కి వాడే బిట్‌కాయిన్ కోర్ సాఫ్ట్‌వేర్ తనంతట తాను అప్‌డేట్ కాదు, కావాలనే అలా పెట్టారు. కొత్త వెర్షన్ వేసుకోవాలా వద్దా అన్నది మీ చేతిలోనే ఉంటుంది. నాది పాత లాప్‌టాప్, టీవీ స్టాండ్ కింద నడుస్తుంటుంది. పాత బ్లాకుల్ని చెరిపేసే ప్రూన్ సెట్టింగ్ 550 పెట్టాను కాబట్టి డిస్క్ నిండదు, కానీ మొదటిసారి వందల జీబీ దిగాల్సిందే. నా నెట్ ప్లాన్ నెల తిరక్కుండానే చతికిలపడింది, మీరు అన్‌లిమిటెడ్ చూసుకోండి. ఇంకోమాట, డబ్బు తీసుకోడానికి వాడని నోడ్‌కి పెద్ద విలువుండదు. నాలాంటివాడి నోడ్ కన్నా, కాయిన్లు కొనీ అమ్మే పెద్ద ఎక్స్చేంజి నోడ్ బరువే ఎక్కువ, దాచిపెట్టి లాభం లేదు.

బావ కాయిన్లు ఇప్పటికీ ఎక్స్చేంజిలోనే ఉన్నాయి. రేపు చీలిక వస్తే ఏ చెయిన్‌ని బిట్‌కాయిన్ అనాలో ఆయన తరఫున వాళ్ళే తేలుస్తారు. సొంతంగా నోడ్ పెట్టుకోమంటే, "కరెంటు బిల్లు నువ్వు కడతావా?" అంటున్నాడు.