అల్యూమినియం హెడ్‌లో విరిగిన బోల్ట్ తీసిన తీరు

ఎగ్జాస్ట్ పైపు బిగించే బోల్ట్ తల తెగి, మిగతా ముక్క ఇంజన్ పైభాగమైన అల్యూమినియం సిలిండర్ హెడ్‌లోనే ఉండిపోయింది. బయటికి ఉన్నది కాస్తే, ప్లయర్‌కి పట్టు దొరకలేదు. ఎక్స్‌ట్రాక్టర్ (విరిగిన బోల్ట్‌లో రంధ్రం చేసి, అందులో దూర్చి తిప్పి బయటికి లాగే పనిముట్టు) జోలికి వెళ్లలేదు. అది చాలా గట్టి స్టీలు, లోపల విరిగిందంటే మామూలు డ్రిల్‌కి లొంగదు, అసలు బోల్ట్ కంటే పెద్ద టెన్షన్.

ముక్క మీద నట్ పెట్టి, దాని రంధ్రంలోంచి వెల్డింగ్ చేయించాను. స్టీలు వెల్డు అల్యూమినియానికి అతుక్కోదు, అదే ఈ పద్ధతిలోని గొప్ప సుగుణం. చల్లారాక చుట్టూ హీట్ గన్ పెట్టాను. వేడికి అల్యూమినియం స్టీలు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, పట్టు సడలుతుంది. గ్యాస్ మంట మాత్రం వద్దు: అల్యూమినియం ఎర్రబడకుండానే 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది.

స్పానర్‌తో కాస్త ముందుకీ కాస్త వెనక్కీ తిప్పుతుంటే కిర్రుమని కదిలింది, మరల్లోంచి తెల్లటి పొడి రాలింది. ట్యాప్‌తో (రంధ్రంలో మరలు కోసే పనిముట్టు) మరలు శుభ్రం చేసి, కొత్త బోల్ట్‌కి యాంటీ సీజ్ (బోల్ట్ మళ్లీ పట్టేయకుండా పూసే పేస్టు) రాసి బిగించాను.